వదిన ఎక్కాల్సిన నౌక

"మీ వదిన పైకి వెళ్ళిపోతోందే," అంది అమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

వంటింటి గట్టు దగ్గర నిలబడి ఉన్న కూతురి చేతిలోంచి కూర గిన్నె జారబోయింది. "ఏమైంది? ఏ ఆసుపత్రిలో ఉంది?"

"ఆసుపత్రేంటే, నీ మొహం. అంతరిక్షంలోకి. మొదటి నౌకలో ముగ్గుర్ని పంపుతారట, అందులో మన పిల్ల ఉంది. పొద్దున్నే ఖాయమైంది. హాల్లో కూర్చుంది, వెళ్ళి పలకరించు."

గిన్నె గట్టు మీద పెట్టి, చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కుంది ఆ కూతురు. వదిన చచ్చిపోయిందేమోనని క్షణం సేపు భయపడిన ఆ మనిషికే, చావలేదని తెలిశాక కడుపులో ఏదో భగ్గుమంది. అది సంతోషం కాదని ఆమెకి బాగా తెలుసు.

ఆమెని ఇంటా బయటా అందరూ బ్రేకమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది అంతరిక్ష సంస్థ వాళ్ళు. మనుషుల్ని పైకి పంపే పని తలపెట్టినప్పుడే, పంపేవాళ్ళు తమకి తామే 'అంతా బాగుంది' అని చెప్పుకుంటే కుదరదని, చట్టసభ ఒక భద్రతా మండలిని విడిగా పెట్టింది. దాని జీతాలు వేరు, భవనం వేరు, చివరికి క్యాంటీన్ కూడా వేరు. సంస్థకీ మండలికీ మధ్య ఒక్క రోడ్డు అడ్డం, అంతే. నౌకని ఆపే అధికారం మండలికి లేదు. 'మేం ఒప్పుకోవడం లేదు' అని దేశమంతా వినేలా చెప్పే అధికారం మాత్రం ఉంది. ఆ మాట పడ్డాక ఎగరేయడానికి ఎవరికీ గుండె చాలదు కాబట్టి, రోడ్డుకి అవతలి వాళ్ళు మండలి వాళ్ళందర్నీ కలిపి బ్రేకులు అనేవారు. ఒకసారి గాలి గొట్టంలో తేడా ఉందని ఈవిడ పెద్ద రిహార్సల్‌నే ఆపించింది. అప్పట్నుంచి ఆమె ఒక్కతే బ్రేకమ్మ అయింది. అన్నయ్య ఆ పేరు ఇంటికి మోసుకొచ్చాడు. అమ్మకి నచ్చింది.

హాల్లో వదిన సోఫా అంచు మీద కూర్చుని ఉంది, పరీక్ష రాసి వచ్చిన పిల్లలా. బ్రేకమ్మని చూడగానే లేచి గట్టిగా వాటేసుకుంది. "ముందు నీకే చెబుదామనుకున్నానే. ఎవరికీ చెప్పొద్దన్నారు. ఒట్టు."

"మంచిదే కదా," అంది బ్రేకమ్మ. కంచాలు పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయింది.

భోజనాల దగ్గర అన్నయ్య పెళ్ళాన్ని చూసుకుని మురిసిపోతున్నాడు. అమ్మ కోడలి కంచంలో వడ్డిస్తూనే ఉంది. "కోడల్ని తెచ్చుకోవడంలో నా అంత అదృష్టవంతురాలు ఈ వీధిలో లేదు," అంది.

తెచ్చింది నేను, అనుకుంది బ్రేకమ్మ, నీళ్ళు తాగుతూ.

నిజంగానే తెచ్చింది ఆమె. వాళ్ళిద్దరూ వదినా ఆడపడుచులు కాకముందు ఒకే గదిలో ఉండి చదువుకున్న స్నేహితులు. వ్యోమగాములు కావాలని ప్రకటన పడితే ఒకే పెన్నుతో దరఖాస్తులు నింపారు. వేలమందిలోంచి వడగట్టగా మిగిలిన గుప్పెడుమందిలో ఇద్దరూ ఉన్నారు. మార్కుల్లో బ్రేకమ్మే ముందుంది. అప్పుడు తిరిగే కుర్చీ వచ్చింది. కళ్ళకి గంతలు కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, గిర్రున తిప్పి చూస్తారు. స్నేహితురాలు దిగి కాస్త తూలి, నవ్వేసింది. బ్రేకమ్మ దిగలేదు. దించారు. రెండు రోజులు మంచం మీదే ఉంది, గోడలు తిరుగుతూనే ఉన్నాయి. చెవి లోపల ఏదో చిన్న లోపం ఉందనీ, మామూలు బతుక్కి దానివల్ల ఏ ఇబ్బందీ లేదనీ డాక్టరు చెప్పాడు. మామూలు బతుకు అన్న మాట ఆమెకి ఆ రోజు నుంచి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

స్నేహితురాలు ఎంపికైంది. ఎంపికయ్యాక కూడా వారం వారం చూడ్డానికి వచ్చేది. తలుపు తీసేది అన్నయ్య. అలా పరామర్శకి వచ్చిన పిల్ల పెళ్ళి కుదుర్చుకుని వెళ్ళింది. ఆ పెళ్ళిలో బ్రేకమ్మ అందరికంటే ఎక్కువ తిరిగింది, అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆడపడుచంటే ఇలా ఉండాలని చుట్టాలు మెచ్చుకున్నారు.

మండలిలో చేరినప్పుడే తన వదిన సంస్థలో ఉందని ఆమె చెప్పింది. వ్యోమగాముల ఎంపిక, శిక్షణ సంగతులకి ఆమెని దూరంగా ఉంచి, నౌక లోపలి గాలి, నీళ్ళ యంత్రాలు చూసే పని ఇచ్చారు. ఇప్పుడు వదినే ఆ నౌక ఎక్కుతోందంటే, నేనీ పనిలో ఉండొచ్చా అని మర్నాడు పొద్దున్నే మండలి అధ్యక్షుడికి ఫోన్ చేసి అడగాలి. అడగకపోవడం తప్పని తెలిసే, ఆమె అడగలేదు.

మర్నాడు సెలవు. ఆఫీసులో ఎవరూ లేరు. తుడిచేవాళ్ళు కుర్చీలన్నీ బల్లల మీదికెక్కించి పోయారు. ఒక కుర్చీ దించుకుని కూర్చుని, ఆమె కంప్యూటర్ తెరిచింది. గాలి, నీళ్ళ యంత్రాల సంగతి తనకి కంఠతా వచ్చు, వాటిలో ఏమీ లేదు. అందుకని తనది కాని చోటికి వెళ్ళింది. సీట్లు చూసింది. తలుపులు చూసింది. తనేం వెతుకుతోందో తనకి తెలుసు. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి ఉండాలి. ఈ నౌక ఆగాలి. పోనీ ఆలస్యమవ్వాలి. ఆ పిల్ల కంచంలో అమ్మ వడ్డించడం ఆగాలి. ఇంత నీచంగా ఆలోచిస్తున్నానా అని ఒకసారి కుర్చీలో వెనక్కి వాలింది. మళ్ళీ ముందుకి వంగి వెతికింది.

మధ్యాహ్నానికి పారాచూట్ల దగ్గరికి వచ్చింది.

నౌక మూడు పారాచూట్ల మీద దిగుతుంది. ఒకటి విచ్చుకోకపోయినా మిగతా రెండూ నౌకని క్షేమంగా దించాలన్నది నియమం. ఆ పరీక్ష ఎప్పుడో చేశారు, గెలిచారు, మిఠాయిలు పంచుకున్నారు. ఆ తర్వాత నౌకలో సీట్లు మారాయి. సీట్ల కింద మెత్తలు వచ్చాయి. నీళ్ళ తొట్టి పెద్దదైంది. రెండో రేడియో చేరింది. మార్పు జరిగిన ప్రతిసారీ ఎవరో ఒక ఇంజనీరు 'పారాచూట్ల మీద పడే భారం స్వల్పం' అని తేల్చాడు. ఎవరి మాటా అబద్ధం కాదు. ఈ స్వల్పాలన్నీ కలిపితే ఎంతవుతుందని మాత్రం ఎవరూ కూడలేదు.

బ్రేకమ్మ కూడింది. తర్వాత పాత పరీక్ష వీడియో పెట్టుకుని చూసింది. రెండు పారాచూట్లూ ఒక్కసారే విచ్చుకుంటాయని లెక్క. వీడియోలో ఒకటి ముందు విచ్చుకుంది. రెండోది అందుకునే దాకా, ఆ కాస్తసేపూ, నౌక బరువంతా ఒక్కదాని పట్టీల మీదే వేలాడింది. పాత బరువుకి ఆ పట్టీల కుట్లు ఆగాయి. ఈ కొత్త బరువుకి?

కాగితం మీద రాసుకుంటూ పోయింది. రాసిన కొద్దీ అంకె భయంకరంగా తేలింది. ఆమె పెన్ను మూత పెట్టేసింది. తనకి కలిగింది సంబరమో భయమో తేల్చుకోలేకపోయింది.

తర్వాతి రోజంతా ఆ కాగితం సంచిలో పెట్టుకుని తిరిగింది. చెబితే ఏమంటారో తెలుసు. ఆడపడుచు కుళ్ళు అంటారు. అది అబద్ధం కూడా కాదు. చెప్పకపోతే, వదిన ఆ పట్టీలకి వేలాడుతూ దిగుతుంది. అన్నిటికంటే ఆమెని తినేసిన సంగతి వేరే ఉంది. ఈ తప్పు నౌకలో ఉందా, తన కళ్ళలో ఉందా? కావాలని వెతికినవాళ్ళకి ఏదో ఒకటి దొరక్కుండా ఉంటుందా?

సాయంత్రం అధ్యక్షుడి గదికి వెళ్ళింది. ఆయన ఒకప్పుడు కొత్త విమానాల్ని మొట్టమొదట ఎక్కి నడిపి చూసిన పైలట్. ఎడమ చెవి వినపడదు. నచ్చని మాట వస్తే ఆ చెవి ఇటు తిప్పుతారని ఆఫీసులో చెప్పుకుంటారు.

"సార్, పారాచూట్లలో ఒకటి కనిపించింది. అది చెప్పేముందు ఇంకోటి చెప్పాలి."

"చెప్పమ్మా."

"ఎక్కేది మా వదిన."

"తెలుసు. నువ్వొచ్చి చెప్తావేమోనని చూస్తున్నా."

"అదొక్కటే కాదు సార్. నాకు ఆవిడంటే కుళ్ళు. ఇవాళ్టిది కాదు, ఎప్పట్నుంచో. ఆవిడ పేరు వచ్చిందని తెలిశాకే నేను వెతకడం మొదలుపెట్టాను. ఏదో ఒకటి దొరకాలనే వెతికాను."

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. వినపడే చెవే ఇటు ఉంది. ముందున్న ఫైలు మూసేశారు.

"కుళ్ళున్నవాళ్ళనల్లా బయటికి పంపేస్తే," అన్నారు, "ఈ మండలిలో నేనూ మిగలను. నేను నడపాల్సిన విమానం ఇంకొకడు నడిపితే నాకు అన్నం సయించేది కాదు. సరే. నిన్న పొద్దున ఫోన్లో చెప్పాల్సింది ఇవాళ చెప్పావు. అది తప్పు, దాని సంగతి తర్వాత చూస్తా. ఆ కాగితం నాకు చూపించకు, ఎవరికీ చూపించకు. కవర్లో పెట్టి అంటించి ఇవ్వు."

"ఎవరూ చూడకపోతే ఎలా సార్?"

"మాస్టార్ని చూడమంటా. పారాచూట్లు మొదట్నుంచీ చూడండి అంటానంతే. నువ్వేం కనిపెట్టావో ఆయనకి చెప్పను. నువ్వు కనిపెట్టావనీ చెప్పను. ఆయనకీ అదే కనిపిస్తే మాట్లాడదాం. కనిపించకపోతే నువ్వు ఇంటికెళ్ళి మీ వదినకి శుభాకాంక్షలు చెప్పు."

మాస్టారంటే మండలిలో మరో సభ్యుడు. కాలేజీలో పాఠాలు చెప్పి చెప్పి రిటైరైన ఇంజనీరు. ఎవరు ఏ లెక్క తెచ్చినా మొదట చివరి వరస నుంచి పైకి చదువుతాడు. ఆయన తాపీగా పనిచేస్తుంటే బ్రేకమ్మ ఆ పక్క గదిలో కూర్చుని గోళ్ళు కొరుక్కుంది. ఆయనకేమీ కనిపించకూడదని ఒక పూట మొక్కుకునేది. కనిపించాలని ఇంకో పూట.

ఒక శుక్రవారం ఇద్దర్నీ పిలిచి, అధ్యక్షుడు కవరు చింపారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. మాస్టారు బ్రేకమ్మ కాగితాన్ని కింది నుంచి పైకి చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఇది నువ్వు చేశావా?"

"అవునండీ."

"నువ్వు ఇలా చేసే మనిషివి కాదే." ఆయన పెన్ను తీసి ఒక్కో చోట చిన్న చుక్క పెట్టుకుంటూ వెళ్ళాడు. "ఇదిగో, ఇక్కడ గాలి వేగం ఇంతకీ అంతకీ మధ్య ఉంటుంది. నువ్వు ఎక్కువది తీసుకున్నావు. పర్లేదు. ఇక్కడ కుట్టు బలం, తక్కువది తీసుకున్నావు. ఇక్కడ బరువు, పైకి సవరించావు. ఇక్కడా అంతే. ఎక్కడ అనుమానం వచ్చినా చెడ్డ వైపే మొగ్గావు. ఒక్కచోటైనా ఇటు మొగ్గలేదు. నీ లెక్క ప్రకారం అయితే పట్టీ తెగి తీరుతుంది. అంత లేదమ్మా."

బ్రేకమ్మ తల వంచుకుంది. తన కుళ్ళు తన మనసులోనే ఉందనుకుంది ఇన్నాళ్ళూ. అది కాగితం మీదికి దిగి, అంకె అంకెలోనూ కూర్చుందని ఇప్పుడు తెలిసింది. నలుగురిలో తల కొట్టేసినట్టయింది.

"మరి మీ లెక్క?" అన్నారు అధ్యక్షుడు.

"నా లెక్కలో తెగొచ్చు, తెగకపోవచ్చు," అన్నాడు మాస్టారు. "అదే నాకు నచ్చలేదు. రెండు పారాచూట్లకి ఈ బరువు కట్టి ఎవరూ పడేసి చూడలేదు. మనుషుల్ని ఎక్కించే ముందు పడేసి చూడాలి. ఇందులో ఆవిడ తప్పేమీ లేదు, ఆ ప్రశ్న సరైనదే. జవాబే కాస్త ఎక్కువ రాసింది."

సంస్థ వాళ్ళతో సమావేశం అదే మధ్యాహ్నం రోడ్డుకి అవతల, పెద్ద గాజు గదిలో జరిగింది. బ్రేకమ్మ మాట్లాడకూడదు, ఓటుకి చెయ్యెత్తకూడదు, అడిగితే మాత్రం జవాబు చెప్పాలి. అధ్యక్షుడు మొట్టమొదట చెప్పింది ఆమె సంగతే. ఆమెకీ వ్యోమగామికీ చుట్టరికం ఏమిటో, వెతకడం ఎలా మొదలైందో, ఆ సంగతి ఆలస్యంగా చెప్పిందని కూడా, ఏదీ దాచకుండా చెప్పారు. గదిలో అందరి చూపులూ ఆమె మీద పడ్డాయి. నేల చీలితే బాగుండుననిపించింది. తర్వాత మాస్టారు లేచి తన లెక్క చెప్పాడు.

సంస్థ డైరెక్టరు ఆవేశపడే మనిషి కాదు. మెల్లగా మాట్లాడతాడు. "మా పిల్లలు పారాచూట్ల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. తేదీ ప్రపంచానికంతా చెప్పేశాం. ఇప్పుడు మళ్ళీ పడేసి చూడాలంటే నెలలు పడుతుంది. ఇంతకీ ఇది నౌక సంగతా, ఇంటి సంగతా? వదినా ఆడపడుచుల మధ్య మమ్మల్నెందుకు పెడతారు?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"నవ్వండి," అన్నారు అధ్యక్షుడు. "ఆవిడ ఎందుకు వెతికిందో నేనే చెప్పాను కదా. ఆవిడ కాగితం పక్కన పెట్టేయండి. మాస్టారికి వ్యోమగాముల్లో ఎవరితోనూ చుట్టరికం లేదు, మీరంటే కోపం లేదు. ఆయన అడిగిందానికి జవాబు చెప్పండి. ఈ బరువుతో, రెండు పారాచూట్లతో, ఎప్పుడైనా పడేసి చూశారా?"

"లెక్క కట్టాం."

"పడేసి చూశారా?"

డైరెక్టరు తన మనుషుల వైపు చూశాడు. వాళ్ళలో ఒకతను తల అడ్డంగా ఊపాడు.

"అయితే మేం ఒప్పుకోవడం లేదు," అన్నారు అధ్యక్షుడు. "సోమవారం నాటికి చట్టసభకి ఈ మాటే చెప్తాను. మీరు పరీక్ష పెడతామంటే, పెడతారని చెప్తాను."

శనివారం సాయంత్రానికి సంస్థ పరీక్ష పెడతానని ఒప్పుకుంది. ఆదివారం పొద్దున్నే, బ్రేకమ్మ ఒక్కతే ఉండే అద్దె ఇంటి గంట మోగింది. హెల్మెట్ చేతిలో పట్టుకుని వదిన నిలబడి ఉంది. లోపలికి వచ్చి కూర్చోలేదు.

"ఒక్క మాట అడుగుతా. అబద్ధం చెప్పకు. నా పేరు రాకపోయుంటే ఆ పారాచూట్ల జోలికి వెళ్ళేదానివా?"

"వెళ్ళేదాన్ని కాదు."

"అంటే నన్ను ఆపడానికే."

"ఆ లెక్కలు తెరిచింది అందుకే. అందులో ఉన్నది మాత్రం నేను పెట్టింది కాదు."

వదిన గోడకి ఆనుకుంది. "నాకు తెలుసే. ఆ కుర్చీ రోజు నుంచీ తెలుసు. ఎప్పుడైనా అంటావేమో, తిడతావేమో, జుట్టు పట్టుకుంటావేమో అని చూశా. నవ్వుతూ తిరిగావు. నా పెళ్ళిలో నీ నవ్వు చూస్తే నాకు భయమేసింది. నవ్వుతోంది కదా అని నేనూ ఊరుకున్నా. అదే సుఖమనిపించింది."

"ఏమనమంటావు? నా సీటు, మా అన్న, మా అమ్మ, అన్నీ నువ్వే పట్టుకుపోయావనా?"

"అవును. అదే. అప్పుడే అనుండాల్సింది. నేను కూడా ఏదో ఒకటి అనేదాన్ని. ఇద్దరం ఏడ్చి, అయిపోయేది. ఇన్నాళ్ళు దాచిదాచి, ఇప్పుడు తెచ్చి నా నౌక మీద పెట్టావు."

బ్రేకమ్మ కుర్చీ ఒకటి ఆమె వైపు జరిపింది.

"ఆ పరీక్షలో ఏమీ కాకపోతే," అంది వదిన, హెల్మెట్ తలకి పెట్టుకుంటూ, "జన్మలో నీ మొహం చూడను."

"ఏమైనా అయితే?"

వదిన పట్టీ బిగించుకుని మెట్లు దిగిపోయింది.

అమ్మ బ్రేకమ్మతో మాట్లాడటం మానేసింది. మానేసిందంటే పూర్తిగా కాదు. ఫోన్ చేస్తే ఎత్తి, "మీ అన్నయ్యకి ఇస్తా," అనేది. అన్నయ్య, "పనిలో ఉన్నానే," అనేవాడు. వదిన మాత్రం రోజూ శిక్షణకి వెళ్ళి వస్తూనే ఉంది. ఆమె గురించి పేపర్లలో రాస్తూనే ఉన్నారు. ఆ రాతల్లో ఎక్కడా ఆలస్యానికి కారణం ఎవరో లేదు. దానికి కూడా వదినే అడ్డుపడి ఉంటుందని బ్రేకమ్మకి అనుమానం. ఆ మంచితనం మీద కూడా ఆమెకి ఒళ్ళు మండింది.

పరీక్ష ఊరికి దూరంగా, కంప కూడా సరిగా మొలవని బయల్లో పెట్టారు. అసలు నౌకంత బరువున్న నకలు నౌక ఒకటి చేసి, సీట్లలో మనుషులంత బొమ్మల్ని కూర్చోబెట్టి, పెద్ద విమానంలో ఎక్కించారు. చూడ్డానికి వచ్చిన వాళ్ళ కోసం ఒక షామియానా వేశారు. మండలి వాళ్ళు ఇటు, సంస్థ వాళ్ళు అటు. వ్యోమగాములు ముగ్గురూ వచ్చారు. వదిన నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, బ్రేకమ్మ అక్కడ లేనట్టే నిలబడింది.

విమానం వెనక తలుపులోంచి నకలు నౌక చిన్న గింజలా రాలింది. ఒక పారాచూట్‌ని కావాలనే తెరుచుకోకుండా కట్టేశారు. మిగిలిన రెండిట్లో ఒకటి నిండుగా విచ్చుకుంది. సంస్థ వాళ్ళలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. రెండోది సగం విచ్చుకుని, నలిగి, మళ్ళీ విచ్చుకోబోయింది. ఆలోపు మొదటిది పక్కకి ఒరిగింది. అంత దూరంలో ఏం తెగిందో కనపడలేదు. కాసేపటికి చెంప మీద కొట్టినట్టు చిన్న చప్పుడు వినపడింది. పారాచూట్ ఒంటరిగా గాల్లోకి తేలిపోయింది. రెండోది మొత్తం విచ్చుకునేంత ఎత్తు మిగల్లేదు.

దుమ్ము లేచింది. షామియానా కిందివాళ్ళంతా ముందుకి జరిగారు.

ఆ క్షణంలో బ్రేకమ్మ మనసులో మొదట మెదిలింది ఒక గెలుపు. నేను చెప్పలేదా, అనుకుంది. అలా అనుకున్నాననీ, అంతకంటే ముందు ఇంకేదీ అనుకోలేదనీ ఆమె ఎప్పటికీ మర్చిపోలేదు. తర్వాతే తల తిప్పి వదిన వైపు చూసింది. వదిన కళ్ళద్దాలు తీసేసింది. ఎవరు ఆపుతున్నా వినకుండా బయల్లోకి నడుస్తోంది.

బ్రేకమ్మ ఆమె వెనకే పరుగెత్తింది. నకలు నౌక నేలలో సగం దిగబడి, ఒక పక్క అణిగిపోయి ఉంది. తలుపు ఊడి దూరంగా పడింది. వదిన ఆ కంతలోంచి లోపలికి చూసింది. కిటికీ వైపు బొమ్మా, తలుపు వైపు బొమ్మా సీట్లలోనే ఉన్నాయి. మధ్య సీటు కిందినుంచి పైకి మడిచినట్టయింది.

"మధ్యది నాది," అంది వదిన.

బ్రేకమ్మ ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యొచ్చో లేదో తెలియక ఆగింది. వదినే వెనక్కి తిరిగి ఆ చేతిని పట్టుకుంది. పట్టుకుందనేకంటే నొక్కేసింది, వేళ్ళు నలిగేలా. చాలాసేపటిదాకా వదల్లేదు. ఇద్దరిలో ఎవరూ ఏడవలేదు. ఎండ మాడ్చేస్తోంది. డైరెక్టరు దగ్గరికి వచ్చి ఆ సీటు చూసి, చెమట తుడుచుకుంటూ వెనక్కి వెళ్ళాడు.

ఆలస్యంగా చెప్పినందుకు అధ్యక్షుడు బ్రేకమ్మని ఆ నౌక పనినుంచి పూర్తిగా తప్పించారు. ఇంకో విభాగంలో, ఎవరూ ఎక్కని రాకెట్ల మీద కూర్చోబెట్టారు. ఆమె ఎదురు చెప్పలేదు. సంస్థ వాళ్ళు పట్టీలు మార్చారు, కుట్లు మార్చారు, నౌక బరువు తగ్గించారు, మళ్ళీ మళ్ళీ పడేసి చూశారు. అదంతా అయ్యేసరికి ఏడాది దాటింది. ఈలోపు వ్యోమగాములకి వయసు పరిమితి ఒకటుందన్నది అందరికీ గుర్తొచ్చింది. వదిన దాన్ని కొద్ది నెలల తేడాతో దాటింది. డైరెక్టరు ఆమె కోసం పోట్లాడాడంటారు. మండలి మాత్రం ఆ నియమాన్ని సడలించమని అడగలేదు, అడగకూడదు కూడా. కొత్త జట్టులో ఆమె సీటు ఒక చిన్న వయసు పిల్లకి దక్కింది. ఆ పిల్లకి శిక్షణ ఇచ్చే పని వదినకి అప్పజెప్పారు.

ఆ కబురు తెలిసిన రోజున అమ్మ బ్రేకమ్మకి తనే ఫోన్ చేసింది. "నువ్వు చెప్పకపోతే పిల్ల మనకి దక్కేది కాదు," అంది. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత అరగంట సేపు కోడలు ఎలా తినడం మానేసిందో, తను దగ్గర కూర్చుని ఎలా ముద్దలు కలిపి పెట్టిందో చెప్పుకొచ్చింది. బ్రేకమ్మ ఫోన్ పట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. నేను మంచం పట్టినప్పుడు నాకెవరు ముద్దలు కలిపి పెట్టారు, అనిపించింది. అనిపించిందని సిగ్గేసింది. సిగ్గేసినా అనిపించడం ఆగలేదు.

నౌక ఎగిరింది, తిరిగొచ్చింది. దిగే రోజు సంస్థ వాళ్ళు పెద్ద హాల్లో తెరలు పెట్టి రోడ్డుకి ఇవతలి వాళ్ళని కూడా పిలిచారు. బ్రేకమ్మ ఆఖరి వరసలో గోడ పక్కన నిలబడింది. మూడు పారాచూట్లూ చక్కగా విచ్చుకున్నాయి. ఏ ఒక్కటీ మొరాయించలేదు. పాత పట్టీలే ఉన్నా ఇవాళ ఏమీ అయ్యేది కాదని, హాల్లో ఒకరిద్దరు అనుకోవడం ఆమె చెవిన పడింది. అది నిజమే. మాస్టారు కూడా ఆ మాటే విని, తల ఊపి, టీ తెచ్చుకోవడానికి వెళ్ళాడు.

తెర మీద తలుపు తెరుచుకుంది. చిన్న వయసు పిల్ల బయటికి వచ్చి, కాళ్ళు నిలవక, ఇద్దరి భుజాల మీద వాలి, చెయ్యి ఊపింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. శిక్షకురాలిగా వదిన ముందు వరసలో ఉండాలి. కానీ ఎప్పుడు వచ్చిందో, బ్రేకమ్మ పక్కన గోడకి ఆనుకుని ఉంది. అందరితోపాటు చప్పట్లు కొడుతోంది. మొహం నిండా నవ్వుంది. ఆ నవ్వు ఎలాంటిదో బ్రేకమ్మకి చెప్పక్కర్లేదు.

"మంచి పిల్ల," అంది వదిన, తెర మీంచి చూపు తిప్పకుండా. "అన్నీ నేనే నేర్పా. నిద్ర ఎలా పోవాలో కూడా నేనే చెప్పా. దిగగానే నాకే మొదట ఫోన్ చేస్తానంది."

"చేస్తుందిలే."

"చెయ్యకపోతే బాగుండును." వదిన చప్పట్లు ఆపేసింది. "కడుపు మండిపోతోందే. దాన్ని అక్కణ్ణుంచి లాగేసి నేను నిలబడాలనుంది. ఇలా ఉంటుందని నాకు తెలియదు."

బ్రేకమ్మకి ఓదార్పు మాటలు చాలానే తెలుసు. తనకి ఎంతోమంది చెప్పినవే. ఒక్కటీ పనిచేయదని కూడా తెలుసు.

"ఎన్నాళ్ళుంటుందే ఇది?" అంది వదిన.

"నాకింకా పోలేదు."

వదిన మొదటిసారి తెర మీంచి కళ్ళు తిప్పి ఆమెని చూసింది. "నా మీదా? ఇప్పటికీనా? నేను వెళ్ళనే లేదు కదా."

"అమ్మ నీకు ముద్దలు కలిపి పెట్టిందట."

వదినకి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోలేక గోడకి జారి కింద కూర్చుంది. ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తుంటే బ్రేకమ్మ కూడా ఆమె పక్కన చతికిలబడింది. ఇద్దరూ అలా నేల మీద కూర్చునే ఉన్నారు, హాలు ఖాళీ అయ్యేదాకా. వదిన ఫోన్ మోగింది. ఆమె దాన్ని కాసేపు చూసి, గొంతు సవరించుకుని, ఎత్తి, "చెప్పమ్మా, ఎలా ఉంది?" అంది.